బొమ్మ ఎలాగుందండీ?

2024 ఫిబ్రవరి మొదటి వారం. రాజమండ్రిలో మాట్నీ చూసి బయటికొచ్చాను. సినిమా పేరు అంబాజీపేట మ్యారేజి బ్యాండు. హాల్లో సగం కుర్చీలు కూడా నిండలేదు. అందులో కథానాయకుడికి ఒక అక్క ఉంటుంది, బళ్లో పంతులమ్మ. శరణ్య ప్రదీప్ వేసింది ఆ పాత్ర. ఆమెకు జరిగిన అవమానం చూస్తుంటే నా గొంతుకు ఏదో అడ్డం పడింది. కళ్లు తుడుచుకోవడానికి సిగ్గేసి అటూ ఇటూ చూశాను. పక్క కుర్చీల్లో ఎవరూ లేరు. చొక్కా చేత్తోనే తుడుచుకున్నాను.

మా వీధి మొదట్లో ఒక టీ బడ్డీ ఉంది. ఆ బడ్డీ నడిపే మనిషిని పాతికేళ్లుగా ఎరుగుదును. గ్లాసులు తొలుస్తూ తలెత్తి అడిగాడు.

"సినిమాకెళ్లొస్తున్నట్టున్నారు మేష్టారూ. బొమ్మ ఎలాగుందండీ?"

"యావరేజేనయ్యా. ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ సాగింది. బీ, సీ సెంటర్లలో కష్టం."

"అయితే వద్దులెండి. మా పిల్ల గొడవ చేస్తంది, తీసుకెళదామనుకున్నాను. నలుగురం వెళ్లాలంటే టిక్కెట్లూ ఆటో అన్నీ కలిపి ఎంతవుద్దండీ! రేపు ఏదైనా మంచిది వచ్చినప్పుడు చూద్దాం."

అరగంట కిందట ఏడ్చినవాణ్ణి నేను. ఆ ఏడుపు సంగతి అతనికి చెప్పలేదు. ఆ పంతులమ్మ గురించి చెప్పలేదు. పెళ్లిళ్లలో బ్యాండు వాయించి బతికే మనిషిని మా కోనసీమ ఊళ్లో ఎక్కడ నిలబెడతారో, ఎక్కడ కూర్చోనివ్వరో ఆ సినిమా చూపిస్తోందనీ చెప్పలేదు. నేను చెప్పింది ఆ బొమ్మ ఎన్నాళ్లు ఆడుతుందన్న అంచనా. అతను అడిగింది అది కాదు. ఆ సినిమా మీద నేను ఒక్క రూపాయి పెట్టలేదు, అది ఆడినా ఆడకపోయినా నాకు వచ్చేదీ పోయేదీ లేదు. అయినా డబ్బు పెట్టి హక్కులు కొన్న బయ్యరు మాట్లాడినట్టు మాట్లాడాను.

ఇది నా ఒక్కడి సంగతే అయితే మనసులో ఉంచుకునేవాణ్ణి. గోదావరికి ఇటూ అటూ ఉన్న మా రెండు జిల్లాల వాళ్లం, మాటకారులమని పేరున్నవాళ్లం, చూసిన సినిమా గురించి నిజం చెప్పడం ఎప్పుడో మానేశాం. మేం మానేసిన సంగతి మాకే తెలియలేదు. అందుకే రాస్తున్నాను.

మా అమ్మమ్మది కోనసీమలో ఒక లంక ఊరు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు మూగమనసులు మళ్లీ దగ్గరి టౌనుకు వచ్చింది. ఆదుర్తి సుబ్బారావు గారు తీసిన ఆ సినిమా 1964లో విడుదలైంది. అప్పటికే ఊళ్లో సగం మంది చూశారు. చూడనివాళ్లు చాలామంది ఆడవాళ్లే. రేవు దాటి, నడిచి, రాత్రి ఆట చూసి మళ్లీ రేవు దాటడం అందరికీ కుదిరేది కాదు. అమ్మమ్మ వెళ్లింది. మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ, చుట్టూ చేరిన నలుగురైదుగురికి ఆ కథ చెప్పడం మొదలుపెట్టింది. మొత్తం చెప్పడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. పడవ ఎలా ఊగిందో చేత్తో చూపించేది. జమున ఎలా మూతి తిప్పిందో తను తిప్పేది. సావిత్రి వేసిన రాధ మెడలో తాళి పోగొట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చిన చోటుకు రాగానే అమ్మమ్మ ఆగిపోయింది. చేతిలో చింతపండు అలాగే ఉంది. "మా పెద్దక్క కూడా ఇలాగే వచ్చిందే, పడవలోనే" అంది. మా ఇంట్లో ఎవరూ నోరెత్తి చెప్పని పెద్దమ్మమ్మ సంగతి నాకు అలా తెలిసింది. ఆ రోజు సినిమా కథ ముందుకు కదల్లేదు. పెద్దమ్మమ్మ కథే నడిచింది.

ఆ రెండు మధ్యాహ్నాల్లో సినిమా బాగుందని గానీ బాగోలేదని గానీ అమ్మమ్మ అన్నట్టు నాకు గుర్తు లేదు. వింటున్నవాళ్లు కూడా ఆ ప్రశ్న అడగలేదు. "ఆ తరవాతేవైందే?" అని మాత్రం అడిగారు.

ఇలా చెప్పుకోవడం మాకు కొత్త కాదు. ఈ నేల సినిమా చూడ్డం మొదలుపెట్టిన కొద్దికాలానికే సినిమా తీయడం కూడా మొదలుపెట్టింది. 1936లో నిడమర్తి సూరయ్య గారు రాజమండ్రిలోనే దుర్గా సినీటోన్ పెట్టి సంపూర్ణ రామాయణం తీశారు. మద్రాసు, కలకత్తా, కొల్హాపురం వెళ్లక తప్పని రోజుల్లో ఆ ధైర్యం చేశారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారు సినిమాలకు రాయడానికి ముందు ఆంధ్రపత్రికలో సినిమాల మీద సమీక్షలు రాసేవారు. తెరమీద ఏముందో చూసి, దాన్ని తెలుగులో చెప్పడం ఆయనకు వచ్చు. ఆ తరవాత ఆయన, నరసాపురంలో పుట్టిన బాపు గారు కలిసి 1967లో సాక్షి తీశారు. ఆత్రేయపురం దగ్గర పులిదిండిలో తీశారు దాన్ని. సెట్టింగులు లేవు. ఆ ఊరే సెట్టింగు, ఊరి జనమే జనం.

ఆ సాక్షి కథ ఈ మధ్య నన్ను వదలడం లేదు. రేవు దాటించే కిష్టయ్య అనే అమాయకుడు హత్య చూస్తాడు. చూసింది చూసినట్టు కోర్టులో చెబుతాడు. జైలుకు పోయినవాడు పగతో తిరిగి వస్తున్నాడని తెలిసేసరికి, సాక్ష్యం చెప్పినందుకు మెచ్చుకున్న ఊరే తలుపులు వేసుకుంటుంది. ఇదివరకు ఆ సినిమా చూసినప్పుడల్లా నేను ఆ కిష్టయ్య పక్కన నిలబడి చూసేవాణ్ణి. ఇప్పుడు తలుపు వేసుకున్న ఇళ్లలో ఒకటి నాదేననిపిస్తోంది. చూసింది చూసినట్టు చెప్పడానికి నాకెవరూ కత్తి చూపించలేదు. అయినా చెప్పలేదు.

శంకరాభరణం సంగతి మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ గర్వంగా చెబుతారు. నిర్మాత ఏడిద నాగేశ్వరరావు గారిది కొత్తపేట. 1980 ఫిబ్రవరి 2న విడుదలైనప్పుడు అందులో పేరున్న హీరో లేడు, కథానాయకుడు యాభై దాటిన సంగీత విద్వాంసుడు. మొదటి రోజుల్లో హాళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆ తరవాత నిండాయి. ఎలా నిండాయి? చూసినవాడు ఇంటికెళ్లి చెప్పాడు. ఆఫీసులో చెప్పాడు, రేవులో చెప్పాడు, చుట్టాలకు ఉత్తరం రాశాడు. అది ఎన్ని కేంద్రాల్లో ఆడుతుందో లెక్కగట్టి చెప్పలేదు. తనకు ఏం జరిగిందో చెప్పాడు. ఆ మనిషి మాట మీద నమ్మకంతో పక్కింటివాడు టిక్కెట్టు కొన్నాడు. ఆ నమ్మకం మాకు ఆస్తిగా వచ్చింది. దాన్ని మేం తినేశాం.

ఎప్పటినుంచి? తేదీ చెప్పలేను గాని, ఎలాగో చెప్పగలను. సినిమా వ్యాపారం తెలుగు నేలను తన లెక్క కోసం ముక్కలుగా కోసుకుంది: నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, ఈస్ట్, వెస్ట్. ఈ చివరి రెండూ మేమే. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం మా రెండు జిల్లాలను విడదీసి కాకినాడ, కోనసీమ, ఏలూరు అని కొత్త జిల్లాలు చేసింది. సినిమా లెక్కల్లో మాత్రం మేం ఇప్పటికీ ఈస్టూ వెస్టూయే. వాళ్ల లెక్క వాళ్లది, వాళ్లకు అది బతుకుతెరువు. మాకేం పని? శుక్రవారం రాత్రయ్యేసరికి మా ఇంటర్ పిల్లలు, మా బ్యాంకు గుమస్తాలు, రిటైరైన నాలాంటి మేష్టర్లు "ఈస్ట్‌లో డే వన్ షేర్ ఎంతంట?" అని అడుగుతున్నాం. ఒక్కోసారి ఆ సినిమా తీసిన ఊరు పక్క మండలంలోనే ఉంటుంది. దాని పేరు మాకు తెలియదు.

నా నేరాల్లో పెద్దది బళ్లో జరిగింది. రిటైరు కావడానికి కొన్నేళ్ల ముందు తొమ్మిదో తరగతి పిల్లలకు వ్యాసం ఇచ్చాను, ఈ మధ్య చూసిన సినిమా గురించి రాయమని. నలభై పైచిలుకు పుస్తకాలు వచ్చాయి. ఇంటికి తెచ్చుకుని రాత్రి దిద్దుతూ కూర్చున్నాను. ఒకటే పుస్తకం నలభై సార్లు చదువుతున్నట్టుంది. ఫస్టాఫ్ సూపర్, సెకండాఫ్ ల్యాగ్, బీజీఎం అదిరింది, ఫైట్లు బాగున్నాయి, రేటింగు రెండుమ్ముప్పావు. పద్నాలుగేళ్ల పిల్లలు ఐదింటికి ఎన్ని మార్కులో పాయింట్లతో సహా వేశారు. దాన్ని నేను తప్పు పట్టలేదు. వాక్యనిర్మాణం బాగుందని టిక్కులు పెట్టాను.

ఒక పిల్ల మాత్రం వేరేగా రాసింది. సినిమాలో అమ్మ రాత్రి అందరూ పడుకున్నాక ఒక్కతే గిన్నెలు తోముతుందట. ఆ చప్పుడు వింటే మా ఇంట్లో చప్పుడులాగే ఉంది, నేను పడుకున్నాక మా అమ్మ కూడా అలాగే తోముతుంది, ఆ రోజు ఇంటికొచ్చి నేనే తోమాను అని రాసింది. అక్షర దోషాలు చాలా ఉన్నాయి. కథ రాయలేదు, హీరో పేరు కూడా రాయలేదు. నేను ఎర్ర సిరాతో గీత గీసి పక్కన "విషయానికి సంబంధం లేదు" అని రాశాను. పదికి నాలుగు వేశాను.

ఆ ఎర్ర గీత ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తుంది. ఆ తరగతిలో సినిమా చూసింది ఆ ఒక్క పిల్లే. నలభైమంది ఎక్కడో విన్నది తిరగరాశారు, నేను మార్కులు వేశాను. చూసిన పిల్లకు మార్కులు తీసేశాను. మళ్లీ ఎప్పుడైనా ఆ పిల్ల చూసింది చూసినట్టు రాసి ఉంటుందా?

కులం సంగతి చెప్పకుండా దాటేస్తే ఈ ఒప్పుకోలుకు అర్థం లేదు. మా వైపు ఒక సినిమా విడుదలైతే మొదటి ప్రశ్న దేని గురించి తీశారన్నది కాదు. ఎవరి సినిమా అన్నది. హీరో ఎవరు, అతనిది ఏ కుటుంబం, ఆ కుటుంబం ఎవరిది. జవాబు తెలిసిన క్షణంలోనే బాగుందో బాగోలేదో సగం తేలిపోతుంది. తెల్లవారుజామున బెనిఫిట్ షోలో ఇంకా టైటిల్స్ పడుతుండగానే అరచేతుల్లో తీర్పులు తిరుగుతుంటాయి. నేను కుల పిచ్చి లేనివాణ్ణని అనుకునేవాణ్ణి. మూడేళ్ల కిందట సంక్రాంతికి పొద్దున్నే పక్క మీదే ఉండి, నాకు నచ్చని హీరో సినిమా గురించి ఎవరో పంపిన "డిజాస్టర్" అన్న మాటను మా పాత విద్యార్థుల గ్రూపులోకి తోసేశాను. ఆ సినిమా నేను ఇప్పటికీ చూడలేదు. మేష్టారే చెప్పారు కదా అని ఆ పిల్లల్లో ఎంతమంది ఇంకెవరికి చెప్పారో నాకు తెలియదు. ఆ సినిమాకు రెండేళ్లు పనిచేసిన లైట్‌బాయ్‌ల గురించి, కుట్టుపని చేసినవాళ్ల గురించి ఆ పొద్దున నాకు ఒక్క క్షణం కూడా తట్టలేదు.

2025 జనవరి 4న మా రాజమండ్రి దగ్గరే గేమ్ ఛేంజర్ సినిమా ముందస్తు వేడుక జరిగింది. తిరిగి వెళ్తూ ఇద్దరు కుర్రాళ్లు రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఆ వారం మా బడ్డీ దగ్గర, పార్కు బెంచీల మీద ఏం మాట్లాడుకున్నామో నాకు గుర్తుంది. ట్రైలర్ కట్ గురించి మాట్లాడుకున్నాం. పక్క హీరో సినిమాతో పోలిస్తే సంక్రాంతికి ఎవరిది పైచెయ్యి అన్నది మాట్లాడుకున్నాం. ఆ ఇద్దరి గురించి "అయ్యో పాపం" అన్నాం, ఒకటి రెండు సార్లు.

అంబాజీపేట మ్యారేజి బ్యాండు దగ్గరికి మళ్లీ వస్తాను. 2022 మే 24న అమలాపురంలో జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడం మీద గొడవ రేగి మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. అమలాపురానికీ అంబాజీపేటకూ మధ్య ఎంత దూరం! ఆ మంటలు ఆరి రెండేళ్లు కాకుండా, అదే నేల మీద కులం మనిషిని ఏం చేస్తుందో చూపిస్తూ దుష్యంత్ కటికనేని అనే కుర్ర దర్శకుడు సినిమా తీశాడు. మాకు అంతకంటే అవసరమైన మాట ఏముంది? మేం దాని మీద రాత్రంతా కూర్చుని తగువులాడుకోవాల్సింది. తప్పైతే తప్పని, అబద్ధమైతే అబద్ధమని అనాల్సింది. "ఇందులో దొరను ఎవరనుకుని పెట్టారు, మనవాళ్లనేనా?" అని గుసగుసలాడుకున్నాం. పైకి మాత్రం సెకండాఫ్ సాగిందన్నాం. సాగింది అన్న మాట ఎంత ఉపకారం చేస్తుందో! ఒంటికి తగిలిన దాన్ని తగల్లేదన్నట్టు తప్పించుకోవడానికి అంత మంచి మాట ఇంకోటి లేదు.

అదే ఏడాది ఆగస్టులో కమిటీ కుర్రోళ్లు వచ్చింది. అది ఆడింది, సంతోషం. దాని గురించి మేం చాలా మాట్లాడుకున్నాం కూడా. చిన్నప్పటి ఆటలు, చెరువు గట్లు, జాతర. స్నేహితుల మధ్యకు రిజర్వేషన్ మాట వచ్చి, చేతులు కలిపి తిరిగిన పిల్లలు విడిపోయే చోటు మాత్రం ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మా బెంచీ మీద కూర్చునే ఆరుగురిలో ఒకాయన రిజర్వేషన్ ఉన్న కులం మనిషి. ఆ సాయంత్రం ఆయన ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లాడు. మేం గమనించాం. మాట మార్చాం.

తెరమీద మమ్మల్ని మేం ఎలా చూసుకోవడానికి ఒప్పుకున్నామో అది కూడా మా తప్పే. గోదావరి అంటే కొబ్బరిచెట్లు, పులస, పూతరేకులు, పడవ, అన్నిటికీ "ఆయ్" అనే ఒక వెటకారపు మనిషి. ఆ "ఆయ్" వినపడగానే ఈల వేస్తాం. మా యాస మాట్లాడే మనిషి కన్నీళ్లు పెట్టుకుంటే నవ్వొస్తుందేమో అనేంతగా దాన్ని నవ్వులకే అప్పగించాం. కౌలు కట్టలేక పొలం వదిలేసినవాడు, చుట్టూ రొయ్యల చెరువులై తాగే నీళ్లు ఉప్పగా మారిన ఊరు, ఇద్దరు పిల్లల్ని తల్లికి అప్పజెప్పి కువైట్‌లో వంటపనికి వెళ్లిన మనిషి: వీళ్లంతా మా వీధుల్లోనే ఉన్నారు. వీళ్ల కథ ఎవరైనా తీయబోతే "అవన్నీ ఎవరు చూస్తారండీ" అని మేమే ముందు అంటాం. మా జిల్లాల నుంచి ఎంతమంది దర్శకులు, రచయితలు వెళ్లారో వేళ్ల మీద లెక్కపెట్టి గర్వపడతాం. వాళ్లు మా గురించి నిజం చెప్పాలంటే వినడానికి ఇక్కడ మేం సిద్ధంగా ఉండాలని మాత్రం అనుకోం.

2025 మేలో జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామన్న మాట బయటికొచ్చింది. అద్దె పద్ధతి గిట్టుబాటు కావడం లేదు, వసూళ్లలో వాటా కావాలని ఎగ్జిబిటర్లు అడిగారు. ఆ గొడవ మొదలైంది మా తూర్పు గోదావరి ఎగ్జిబిటర్లతోనే. మూసివేత జరగలేదు గాని, ఒంటి తెర హాళ్లు ఒక్కొక్కటే కల్యాణ మండపాలవుతుంటే చూస్తూనే ఉన్నాం. టిక్కెట్టు ధర మండిపోతోందన్నది అబద్ధం కాదు. నలుగురున్న ఇల్లు హాలుకు వెళ్లాలంటే ఒక రోజు కూలి చాలదు. అయితే ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని మేం చేసింది ఇంకోటి. ఆ నవంబరులో దొంగ ప్రింట్లు పెట్టే ఐబొమ్మ సైటు నడిపిన మనిషిని హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నప్పుడు మా బెంచీ మొత్తం అతని పక్షమే మాట్లాడింది. నేనూ మాట్లాడాను. కూలివాడి తరఫున మాట్లాడుతున్నట్టే మాట్లాడాను. నా పింఛనుతో నెలకు రెండు సినిమాలు హాల్లో చూడగలను. దొంగ ప్రింటు ఫోనులో ముందుకు జరుపుతూ నలభై నిమిషాల్లో చూసేసి, "ఏం లేదండీ అందులో" అని తీర్పు చెప్పిన సినిమాలు నా లెక్కలో తక్కువేం లేవు.

మొన్న దీపావళికి ముందు ఒక సాయంత్రం బడ్డీ దగ్గర కూర్చున్నాను. టీ పోస్తూ అతను చెప్పాడు. వాళ్లమ్మాయి ఆ అంబాజీపేట సినిమాను ఫోనులో చూసిందట. చూసి ఊరుకోలేదు. వాళ్లమ్మ వంట చేస్తుంటే పక్కన కూర్చుని మూడు రోజులు కథ చెప్పిందట.

"మీరు సాగిందన్నారు గానండీ మేష్టారూ, ఆ పంతులమ్మని అలా చేసేటప్పటికి మా యావిడ గరిటె పక్కనెట్టేసిందండి. పిల్ల చెబుతంటేనే. చూడను కూడా చూళ్లేదు ఆవిడ."

నేను ఏమీ అనలేదు. ఆ రోజు నాకూ ఏడుపొచ్చిందని చెప్పే సమయం దాటిపోయి ఏడాదిన్నర దాటింది.

"మరి నిన్న చూసొచ్చారు కదా, అదెలాగుందండీ?"

నోటి చివరికి "యావరేజి" వచ్చేసింది. మింగేశాను. అందులో ఒక ముసలాయన ఉన్నాడు, కొడుకు ఫోను కోసం ఎదురుచూస్తుంటాడు, అంతవరకు చెప్పాను. తరవాత ఏం చూశానో గుర్తు తెచ్చుకోబోయాను. ఆ ముసలాయన చొక్కా ఏ రంగో, ఫోను మోగినప్పుడు ముందు లేచి నిలబడ్డాడో, చెయ్యి చాపాడో ఏదీ తట్టలేదు. ఇంటర్వెల్ ఎక్కడ పడిందో మాత్రం నిమిషంతో సహా గుర్తుంది.

అతను పొయ్యి మంట తగ్గించి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఆ తరవాతేవైందండీ?" అన్నాడు.